కప్పు తెచ్చిన జట్టును ఊరు దాటించారు, అడిగినవాడేడీ?

హైదరాబాద్‌కు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. తెలుసా మీకు?

గల్లీ జట్టు కాదు. దేశంలో అన్నిటికన్నా పైనున్న ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన జట్టు. కప్పు గెలిచిన జట్టు. ఎప్పుడో తాతల కాలంలో కాదు, 2022 మార్చి 20న. ఆ తర్వాత నాలుగేళ్లు కూడా తిరగలేదు. 2025 అక్టోబర్‌లో దాని పేరు మార్చి ఢిల్లీకి పట్టుకుపోయారు. ఇప్పుడు దాన్ని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అంటున్నారు.

ఆ రోజు మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తారా?

మీ ఆఫీసులో? మీ వాట్సాప్ గ్రూపులో? మీ అబ్బాయి కాలేజీ క్యాంటీన్‌లో?

హీరో సినిమా రెండు వారాలు వాయిదా పడితే ఊరంతా గోల చేస్తాం. ఐపీఎల్ వేలంలో ఒక బౌలర్‌ను వదులుకుంటే రాత్రంతా యాజమాన్యాన్ని తిడతాం. ఛాంపియన్ జట్టు మొత్తానికి మొత్తం ఊరు దాటిపోతే కిమ్మనలేదు. డెక్కన్ లీజియన్ అని పేరు పెట్టుకుని స్టాండ్‌లో నిలబడి గొంతు చించుకున్న అభిమానులు కొందరున్నారు. ఏడ్చింది వాళ్లే. కోటి జనమున్న ఊరికి చీమ కుట్టినట్టయినా లేదు.

సిగ్గుగా లేదా?

ఆ కప్పు ఎలా వచ్చిందో కూడా మీకు తెలియకపోవచ్చు. చెబుతాను వినండి. కొవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే నడిచింది. సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ లేదు. సొంత జనం చప్పట్లు లేవు. ఫైనల్ ఫతోర్డా స్టేడియంలో. ఎదుట కేరళ బ్లాస్టర్స్. స్టాండ్‌ల నిండా కేరళ జనం. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. ఇక అయిపోయిందనుకున్నప్పుడు, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. 3-1తో గెలిచారు. కోచ్ మనోలో మార్కెజ్ కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ ఆ నమ్మకంతోనే పైకొచ్చారు. బార్తొలొమ్యూ ఒగ్బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది 20 మ్యాచ్‌లకు 42 పాయింట్లు. పట్టికలో రెండో స్థానం.

అదంతా ఈ ఊరి పేరు మీదే జరిగింది.

తర్వాత జీతాలు ఆగిపోయాయి.

మీకు ఒకటో తారీఖున జీతం పడకపోతే ఏం చేస్తారు? రెండో తారీఖున హెచ్‌ఆర్ గది ముందు నిలబడతారు. మూడో తారీఖున వేరే ఉద్యోగం వెతుకుతారు. అదే పని ఫుట్‌బాల్ ఆటగాడు చేస్తే డబ్బు మనిషి అంటారు, విశ్వాసం లేదంటారు. అతను సంపాదించేది పదీ పన్నెండేళ్లు. మోకాలి స్నాయువు తెగితే అదీ లేదు. ఆ డబ్బు మీదే ఊళ్లో తల్లిదండ్రులు బతకాలి, చెల్లెలి చదువు నడవాలి, అప్పు తీరాలి. మన దేశంలో చాలామంది ఫుట్‌బాలర్లు మిజోరం నుంచి, మణిపూర్ నుంచి, అస్సాం నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చిన బీద ఇళ్ల పిల్లలు.

చింగ్లెన్‌సానా సింగ్ పేరు విన్నారా? హైదరాబాద్ రక్షణ శ్రేణిలో నిలబడ్డ మణిపూర్ కుర్రాడు. 2023 మే 3న అతను కోజికోడ్‌లో మన జట్టుకు ఆడుతున్నాడు. ఆ రాత్రే అతని ఊరు చురాచంద్‌పూర్‌లో అల్లర్లు రేగాయి. అతని ఇల్లు కాలిపోయింది. అక్కడి పిల్లల కోసం అతను కట్టించిన ఫుట్‌బాల్ మైదానం కాలిపోయింది. మన ఊరి చొక్కా వేసుకుని ఆడి వచ్చేసరికి అతనికి ఊరే లేదు. అదే ఏడాది, అదే క్లబ్‌లో, జీతాలు ఆగాయి.

ఇది తెలిసి కూడా మీకు నిద్ర పడుతుందా?

తెలియదంటారా? ఎందుకు తెలియదు? పత్రికల్లో రాలేదా? ఫోన్‌లో కనిపించలేదా? వేలితో పైకి తోసేశారు, అంతే.

ఒక్కసారి వరసగా వినండి: ఆటగాళ్లకు, సిబ్బందికి నెలల తరబడి జీతాలు ఇవ్వలేదు, పాత ఆటగాళ్ల బకాయిలు తీర్చకపోతే ఫిఫా కొత్తవాళ్లను తీసుకోవద్దని నిషేధం పెట్టింది, ఆ నిషేధం తొలగించుకునే డబ్బు కూడా యాజమాన్యం సమకూర్చలేదు, జంషెడ్‌పూర్‌లో జట్టు బస చేసిన హోటల్ బిల్లు కట్టలేదని క్లబ్ మీద పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది, విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే మూటా ముల్లె సర్దుకున్నారు, భారత జట్టుకు ఆడే కుర్రాళ్లు సీజన్ నడుమనే వేరే క్లబ్బులకు పోయారు, అనుభవం లేని పిల్లలను వారం వారం మైదానంలోకి తోసి వాళ్ల ఓటములను దేశానికి చూపించారు, 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటి గెలిచి 8 పాయింట్లతో అట్టడుగున పడ్డారు, రెండేళ్ల కిందట కప్పు ఎత్తిన క్లబ్ అలా కూలుతుంటే లీగ్ నడిపేవాళ్లు మ్యాచ్ తర్వాత మ్యాచ్ జరిపించుకుంటూ పోయారు, 2024లో బీసీ జిందాల్ గ్రూప్ చేతికి క్లబ్ మారితే ఇక కష్టాలు తీరాయని అభిమానులు సంబరపడ్డారు, ఆలస్యంగా దొరికినవాళ్లతో కట్టిన జట్టు 13 జట్లలో 12వ స్థానంలో నిలిచింది, అప్పటికీ కొందరు వచ్చి స్టాండ్‌లో కూర్చుని పాడారు, వాళ్లకు దక్కిందేమిటంటే క్లబ్ పేరు తీసేశారు, ఊరు తీసేశారు, జెర్సీ మీద హైదరాబాద్ అన్న అక్షరాలు చెరిపేసి రాజధానికి బండి కట్టారు.

ఇన్ని జరిగాయి.

మీరెక్కడున్నారు?

నేను చెబుతాను ఎక్కడున్నారో. శనివారం రాత్రి సోఫాలో ఉన్నారు. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ చూస్తున్నారు. చాంపియన్స్ లీగ్ కోసం అర్ధరాత్రి దాటాక అలారం పెట్టుకుని లేచారు. గ్లేజర్ కుటుంబం 2005లో అప్పు తెచ్చి మాంచెస్టర్ యునైటెడ్‌ను కొని, ఆ అప్పును క్లబ్ నెత్తినే పెట్టిన కథ మీకు కంఠతా వచ్చు. వడ్డీ ఎంత కట్టారో కూడా చెప్పగలరు. ఆ కుటుంబం దిగిపోవాలని పోస్టులు పెట్టారు. మంచిదే, అన్యాయం ఎక్కడున్నా అన్యాయమే. కానీ కొండాపూర్‌లో కూర్చుని మాంచెస్టర్ లెక్కలు అడిగే మీరు, పక్కనే ఉన్న గచ్చిబౌలి లెక్కలు ఎందుకు అడగలేదు?

గచ్చిబౌలి స్టేడియంలో ఆడుతున్నవాడికి ఆ నెల జీతం పడిందో లేదో మీకెందుకు పట్టలేదు?

వాళ్లు తెల్లవాళ్లు కాదనా? టీవీలో వాళ్ల మైదానం అంత పచ్చగా కనిపించదనా?

2025 డిసెంబర్ 13న మెస్సీ వచ్చాడు. ఉప్పల్ స్టేడియానికి జనం పరిగెత్తారు. వేల రూపాయలు పోసి టికెట్లు కొన్నారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా జెర్సీ వేసుకుని బంతి తన్నారు. పిల్లలు ఆనందించారు, కాదనను. మెస్సీని చూడాలనుకోవడం తప్పు కాదు. కానీ డబ్బుల్లేక, తీరిక లేక, ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేక గచ్చిబౌలికి రాలేదన్న మాట మాత్రం అబద్ధమని ఆ రాత్రి తేలిపోయింది. డబ్బుంది. తీరికుంది. ఇష్టముంది. సొంత జట్టు పోయి రెండు నెలలు. ఆ స్టేడియంలో ఎంతమందికి ఆ సంగతి గుర్తుంది? మైకు పట్టుకున్న పెద్దల్లో ఎంతమంది ఆ మాట ఎత్తారు?

ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్రీడా విధానం ప్రకటించింది. ఆ ఏడాదే ఊరి జట్టు పోయింది. ఆ విధానం రాసినవాళ్లకు ఈ జట్టు కనిపించలేదా?

"మన ఊరికి ఫుట్‌బాల్ అబ్బదండీ, ఇది క్రికెట్ ఊరు." ఈ మాట నా ముందు అనకండి.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఎక్కడివారు? ఈ ఊరివారే. బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే జకార్తా వెళ్లి బంగారం తెచ్చి, 1963 జూన్‌లో వెళ్లిపోయారు. ఆ రోజుల్లో భారత జట్టు అంటే సగం హైదరాబాద్, సగం కలకత్తా.

ఇది క్రికెట్ ఊరా?

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన తులసీదాస్ బలరామ్ 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఎక్కడ? కోల్‌కతాలో. పద్మశ్రీ కూడా ఇవ్వలేదు ఆయనకు. ఆయన పేరు మన బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసు? మీకు తెలుసా?

2024 ఏప్రిల్‌లో రహీమ్ మీద 'మైదాన్' సినిమా వచ్చింది. చూసి కళ్లు తుడుచుకున్నామని చాలామంది రాశారు. సరిగ్గా ఆ నెలలోనే ఆయన ఊరి జట్టు పట్టిక అడుగున పడి సీజన్ ముగించింది. తెర మీద చనిపోయిన మనిషి కోసం ఏడ్చారు. బతికున్న జట్టు చచ్చిపోతుంటే బండి తీసుకుని ఇంటికి పోయారు.

"అది ప్రైవేటు కంపెనీ. వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం." ఇది ఇంకో మాట. చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు.

అంత ఇష్టమైతే ఊరి పేరెందుకు పెట్టుకున్నారు? తమ కంపెనీ పేరు పెట్టుకుని ఆడొచ్చుగా? ఊరి పేరు కావాలి, ఊరి జనం కావాలి, ఊరి పిల్లలు జెర్సీలు కొనాలి. గచ్చిబౌలి జీఎంసీ బాలయోగి స్టేడియం ఎవరి డబ్బు? ప్రజలది. ప్రభుత్వం కట్టింది. ప్రజల మైదానంలో, ప్రజల ఊరి పేరుతో ఆడి, లెక్క మాత్రం ప్రజలకు చెప్పనంటే కుదురుతుందా?

కుదిరింది. మనం కుదరనిచ్చాం.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా ఒప్పుకోవాలి. ఈ జట్టు మనకు ఎలా వచ్చింది? 2019లో ఎఫ్‌సీ పుణే సిటీ మూతపడితే ఆ స్థానంలో వచ్చింది. పుణే అభిమానుల కడుపు మాడింది, మనం చప్పట్లు కొట్టాం. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్‌ను భువనేశ్వర్‌కు తరలించి ఒడిశా ఎఫ్‌సీ అన్నారు. ఢిల్లీవాళ్లు ఏడ్చారు. ఆరేళ్ల తర్వాత మన జట్టును ఢిల్లీకి ఇచ్చారు. రేపు ఢిల్లీ నుంచి ఎక్కడికో. ఊళ్లను అద్దె ఇళ్లలా మారుస్తున్నారు. ఏ ఊరివాళ్లు అడగలేదు కాబట్టే ప్రతి ఊళ్లో ఇదే జరుగుతోంది.

ఈ లీగ్ డబ్బు ఎలా నడుస్తుందో తెలిస్తే మీకే కోపం రావాలి. ఓడితే కింది లీగ్‌లోకి పడే భయం లేకుండా ఏళ్ల తరబడి నడిచింది. టీవీ నుంచి వచ్చేది తక్కువ, ఖర్చు కోట్లలో. లోటు పూడ్చేది యజమాని జేబు. ఆ జేబు మూసుకున్న రోజున క్లబ్ ఆగిపోతుంది. లైసెన్స్ నిబంధనల్లో ఆటగాళ్ల బకాయిలు ఉండకూడదని రాసి ఉంటుంది. తప్పినవాళ్లకు మినహాయింపు దారి కూడా ఉంటుంది. నిబంధనకూ మినహాయింపుకూ నడుమ నలిగేది ఆటగాడు.

ఇక పైనున్న ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ సంగతి. లీగ్ నడిపే హక్కుల మీద 2010లో 15 ఏళ్లకు 700 కోట్ల ఒప్పందం చేసుకుంది. అది 2025 డిసెంబర్ 8న ముగిసింది. ఆ గడువు సంతకం పెట్టిన రోజే తెలుసు కదా? పదిహేనేళ్లు ఏం చేశారు? చివరి నెలల్లో టెండర్ పిలిస్తే ఒక్క బిడ్ రాలేదు. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాళ్ల జీతాలు నిలిపేసింది. ఎప్పుడో మొదలవ్వాల్సిన సీజన్ 2026 ఫిబ్రవరి 14 దాకా వెనక్కి జరిగింది, అదీ కుదించిన రూపంలో. ఇన్ని నెలలు వందల మంది ఆటగాళ్లు, కోచ్‌లు, ఫిజియోలు, మైదానంలో గడ్డి కోసేవాళ్లు ఏం తిన్నారని ఎవరైనా అడిగారా?

హైదరాబాద్‌లో జరిగింది ముందే మోగిన గంట. వినలేదు.

వినేవాళ్లు వేరే ఊళ్లలో ఉన్నారు. లండన్‌లో వింబుల్డన్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు ఇంట్లో కూర్చోలేదు. వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు. ఊరి బయలులో ఆటగాళ్లకు ఎంపిక పరీక్షలు పెట్టారు. చాలా కింది లీగ్ నుంచి మొదలెట్టి 2011కల్లా ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2020లో తమ పాత పేట ప్లవ్ లేన్‌కు తిరిగొచ్చి కొత్త స్టేడియంలో ఆడారు. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. వాళ్లకేమైనా నాలుగు చేతులున్నాయా? లేవు. నోళ్లున్నాయి. తెరిచారు.

మనకు నోరు లేదా?

ఉంది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఈ ఊళ్లోనే జరిగింది, బెంగాల్ కేరళను ఓడించింది. అదే ఏడాది భారత జట్టు గచ్చిబౌలిలో ఆడింది. అరిచిన గొంతులు ఇక్కడివే. బస్తీల్లో, బొల్లారంలో, పాతబస్తీలో ఇంకా పిల్లలు తెల్లవారుజామున బంతి తంతూనే ఉన్నారు. వాళ్లకు ఇప్పుడు ఏం చెబుతారు? పెద్దయ్యాక ఎవరి జెర్సీ వేసుకుని ఆడాలని కలగనమంటారు? ఢిల్లీదా?

కాబట్టి ఇక ఓదార్పు మాటలు వద్దు. "అయ్యో పాపం" వద్దు. అడగండి.

ఆటగాళ్ల ఏడాది జీతం బ్యాంకు హామీగా కట్టించకుండా ఏ క్లబ్‌నూ మైదానంలోకి రానివ్వొద్దని ఫెడరేషన్‌ను అడగండి. ప్రజల స్టేడియం వాడుకునే క్లబ్ తన లెక్కలు ప్రజల ముందు పెట్టాలని ప్రభుత్వాన్ని అడగండి. ఊరి పేరు పెట్టుకున్న జట్టును ఆ ఊరి అభిమానులను, రాష్ట్ర సంఘాన్ని సంప్రదించకుండా తరలించే వీలు ఎందుకుందో అడగండి. అయిదేళ్లకోసారి మీ గుమ్మం ముందుకొచ్చే నాయకుణ్ని, క్రీడా విధానం పుస్తకంలో ఈ ఊరి ఫుట్‌బాల్ ఏ పేజీలో ఉందో చూపించమని అడగండి. పత్రికల్లో ఆటల పేజీలు దిద్దే మిత్రులారా, మాడ్రిడ్ వార్త పక్కన మన ఊరి లీగ్ స్కోరుకు రెండంగుళాల చోటు ఇవ్వండి.

ఆదివారం పొద్దున మీ పేట మైదానంలో మ్యాచ్ జరుగుతుంటే వెళ్లి నిలబడండి. మీ పిల్లల్ని తీసుకెళ్లండి.

ఈసారి ఎవరైనా పెద్దమనిషి ఈ ఊరి పేరుతో జట్టు పెడతానని సినిమా తారలను వెంటబెట్టుకుని వస్తే, చప్పట్లు కొట్టేముందు లేచి నిలబడి ఒక్క ప్రశ్న వేయండి: ఆటగాళ్ల జీతాల డబ్బు ఏ బ్యాంకులో ఉంది?